గోడ గుండెలో మూడు గజాలు

మా వైపు పొగడ్త ఒక్కటే ఉంది. పిల్లవాడు బడిలో అందరికంటే ముందు నిలిచినా, ఆవు కవలల్ని ఈనినా, పది రోజుల మంచు తర్వాత నోత్ కొండ మీద ఎండ పడి లోయంతా తేనెరంగుకు తిరిగినా, చూసినవాళ్ళు ఒక్క క్షణం ఆగి "పర్వాలేదు" అంటారు. అంతకు మించిన మాట మా నోటికి రాదు. ఎవరికైనా వస్తే, ఏదో అమ్మడానికి వచ్చాడేమోనని అనుమానిస్తాం. ఆ ఒక్క మాట కోసం ఏళ్ళకేళ్ళు ఎదురుచూసి, వినకుండానే వెళ్ళిపోయినవాళ్ళు మా చర్చి పెరట్లో చాలామంది పడుకుని ఉన్నారు.

ఎల్స్‌పెట్ గ్రాసిక్ కూడా వాళ్ళ నాన్న నోట ఆ మాట వినలేదు.

ఆమె గోడలు కట్టేది. మా ఊరు రైనీ చుట్టూ ఏడు మైళ్ళలో మీరు ఏ పొలం గట్టున నిలబడినా ఆమె గోడ ఒకటి కొండ ఎక్కుతూనో దిగుతూనో కనబడుతుంది, ఎవరో నెమ్మదిగా చెబుతున్న కథలాగా. సున్నం లేదు, మట్టి లేదు. రాయి మీద రాయి, బరువు మీద బరువు. బయటికి కనబడేవి రెండు ముఖాలు, ఒకదాని వైపు ఒకటి కాస్త వాలి ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఖాళీలో పిడికిలంత, వేలంత రాళ్ళు చేత్తో పేరుస్తారు. వాటిని గుండెరాళ్ళంటాం. ముఖాన్ని లోకమంతా చూస్తుంది. గుండె సంగతి కట్టినవాళ్ళకే తెలుసు. గుండె సరిగ్గా లేని గోడకు పదేళ్ళలో పొట్ట వస్తుంది. తర్వాత ఏదో ఒక వసంతంలో, మంచు కరిగే పొద్దున, పేగులన్నీ పొలంలో కక్కేసి కూలబడుతుంది.

వాళ్ళ నాన్న వాటీ గ్రాసిక్‌కు కొడుకుల్లేరు. ఎల్స్‌పెట్‌కు పదహారో ఏడు రాగానే గోడ దగ్గరికి తీసుకెళ్ళి, గుండె పేర్చమని కూర్చోబెట్టాడు. పార ముట్టుకోనివ్వలేదు. పారతో పోస్తే రాళ్ళు పడతాయట, చేత్తో పెడితే కూర్చుంటాయట. ఆరేళ్ళు తండ్రి ముఖం కట్టాడు, కూతురు గుండె పేర్చింది. ఇద్దరి మధ్యా రోజుకు నాలుగు మాటలు నడిస్తే ఎక్కువ. అందులో రెండు వాన గురించి.

వెయ్యిన్ని తొమ్మిది వందల ముప్పై అయిదు శరదృతువులో వాళ్ళు మా పైపొలం గోడ కట్టారు. అప్పటికి నేనింకా ఈ ఇంటి కోడలిని కాలేదు. మా మామగారు ఉండేవారు. మా పొలం పేరు విండీఫాల్డ్, అందుకని ఆయన పేరూ విండీఫాల్డే. ఇప్పుడు మా ఆయన పేరు కూడా అదే. మా దగ్గర పొలం ఎవరి చేతికి వస్తే దాని పేరు వాళ్ళకు వచ్చేస్తుంది. అసలు పేరుతో ఒక్క కన్నతల్లే పిలుస్తుంది.

ఆ పొలంలో నాగలికి ఒక రకం రాయి తగిలేది. చెకుముకి జాతి, బూడిద నీలం రంగు, లోపల పొగ గడ్డకట్టినట్టు ఉంటుంది. పగలగొడితే గాజులా పగిలి చెయ్యి కోస్తుంది. గాజురాయి అనేవాళ్ళం. గుట్టలు గుట్టలుగా గట్టున పడి ఉండేది. ఎందుకూ పనికిరాదని గోడలవాళ్ళంతా తేల్చేశారు, ఎందుకంటే పరిచి పెడితే ఒకదాని మీద ఒకటి జారుతుంది. ఎల్స్‌పెట్ ఒక మధ్యాహ్నం ఒక ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, పదును కిందికి, వెడల్పు పైకి పెట్టి, మేకులా దిగేసింది. పైన బరువు పడేకొద్దీ అది ఇంకా బిగిసింది. ఆ రోజు నుంచి ఆ గోడ గుండె అంతా గాజురాయే. వాటీ చూశాడు. వద్దనలేదు. బాగుందనీ అనలేదు.

పక్క ఊరి ఎబీ రియాక్ కూడా గోడలు కట్టేవాడు. ఆయన అటుగా వెళుతూ చూసి, సీసాపెంకులతో గుండె కట్టిన గోడను మొదటిసారి చూస్తున్నాననీ, పగిలే రోజున పిలవమనీ నవ్వి, ఆ మాట మూడు ఊళ్ళలో పంచిపెట్టాడు.

ఇక అసలు సంగతి. వాటీ చేతులు అప్పటికే పోతున్నాయి. కీళ్ళవాతం. వేళ్ళు ముడుచుకోవు, ముడుచుకుంటే తెరుచుకోవు. పెద్ద రాళ్ళు మణికట్టుతో, ముంజేత్తో, ఛాతీతో ఎత్తి పెట్టేవాడు. గుండెరాళ్ళు పట్టుకునే శక్తి లేదు. రెండు కొసల నుంచీ కట్టుకొచ్చిన గోడ మధ్యలో కలిసి ముగిసే వారంలో ఎల్స్‌పెట్ హంట్లీలో మేనత్త అంత్యక్రియలకు వెళ్ళి, జ్వరం తగిలి అక్కడే మూడు రోజులు ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి మూడు గజాల గోడ పూర్తయి, పైన తలరాళ్ళు కూడా కూర్చుని ఉన్నాయి. తండ్రి పొయ్యి ముందు వేడినీళ్ళ గిన్నెలో చేతులు పెట్టుకుని ఉన్నాడు. గుండె ఎలా నింపావని అడిగింది. "నింపాను" అన్నాడు. ఆ చలికాలమంతా ఆయన చెంచా పట్టుకోలేకపోయాడు. ఫిబ్రవరిలో పోయాడు.

ఆ చేతులతో పేర్చడం అసాధ్యం. అంటే పారతో పోశాడన్నమాట. నలభై ఏళ్ళు పార ముట్టనివ్వని మనిషి, చివరి మూడు గజాలూ పారతో పోశాడు. ఎల్స్‌పెట్ అలా అనుకుంది, ఆ అనుకున్నది ఎవరికీ చెప్పలేదు. అంత్యక్రియల రోజు టీ తాగుతూ ఎబీ రియాక్, పాపం వాటీ చివరి గోడలో సీసాపెంకులే మిగిలాయని అన్నప్పుడు, ఈ కొస నుంచి ఆ కొస దాకా గుండె అంతా తనదేననీ, నవ్వేదేదో తనను చూసి నవ్వమనీ చెప్పింది. అందరూ ఆమెను చూసే నవ్వారు. ఇరవై ఎనిమిదేళ్ళు నవ్వారు.

నేను కోడలిగా వచ్చిన తర్వాత ఏటా చూసేదాన్ని. మంచు కరిగి, తీతువులు పొలాల మీద అరవడం మొదలుపెట్టగానే ఆమె పైపొలానికి వచ్చేది. గోడ మధ్యలో ఒకచోట ఆగి, జ్వరం చూసినట్టు అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే నిలబడేది. తన పని మీద ఎంత మురిపెమో అనుకున్నాను. పొట్ట వచ్చిందేమోనని తడిమి చూసుకుంటోందని చాలా తర్వాత తెలిసింది.

అరవై నాలుగు మే నెలలో గ్వెన్లియన్ ప్రైస్ వచ్చింది. వేల్స్ దేశపు పిల్ల, కాలేజీలో రాళ్ళలోని పాత ప్రాణాల గురించి చదువు చెబుతుంది. చిన్న సుత్తి, మెడలో దారానికి కట్టిన భూతద్దం, ఆమెకంటే పెద్ద సంచీ. మా పైపొలం గోడ పక్కన, చలికి రాలిన గాజురాయి ముక్క ఒకటి దొరికిందట. దాన్ని అద్దంలోంచి చూసి, గడ్డిలో మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది. మా కుక్క వెళ్ళి వాసన చూసినా కదల్లేదు. తర్వాత వంటింట్లోకి వచ్చి, ఆ గోడలో ఎనిమిది గజాలు విప్పడానికి అనుమతి అడిగింది. గుండెలోని రాళ్ళు కావాలట. నేలలో ఉన్నవి వానకూ మంచుకూ చెడిపోయాయి, గోడలో ఉన్నవి కొత్తగా ఉన్నాయట.

పొలం తనదైనా గోడ ఎల్స్‌పెట్‌దనీ, ఆమె చెయ్యి తప్ప ఇంకో చెయ్యి దాని మీద పడదనీ మా ఆయన చెప్పాడు. ఎల్స్‌పెట్‌ను పిలిచాం. గ్వెన్లియన్ ఎనిమిది గజాలూ చూపించింది. సరిగ్గా ఆ మూడూ మధ్యలో ఉన్నాయి.

"గోడంటే అల్మారా కాదు, తెరిచి చూసుకోడానికి," అని ఎల్స్‌పెట్ వెళ్ళిపోయింది.

ఈ కబురు ఎబీ రియాక్‌కు ఎలా చేరిందో తెలియదు. డెబ్భై ఆరేళ్ళు, చేతికర్ర, చెవుడు. అయినా మర్నాటికల్లా మా వంటింట్లో ఉన్నాడు, ఓట్స్ రొట్టె మీద వెన్న రాసుకుంటూ. సీసాపెంకుల గోడ పగిలే రోజు రానే వచ్చిందన్నాడు. ఎల్స్‌పెట్ కూడా గుడ్ల బుట్ట తిరిగిచ్చే నెపంతో వచ్చింది. నిజానికి ఆ పిల్ల వెళ్ళిపోయిందో లేదో చూడటానికి వచ్చింది.

గ్వెన్లియన్ వెళ్ళలేదు. తన రాయి ముక్కను తడిపి, అద్దం ఎల్స్‌పెట్ చేతికిచ్చింది. నేను కూడా తర్వాత చూశాను. పొగలో నిలబడ్డ సన్నని కాడలు. కొన్ని అడ్డంగా తెగి, నాణేల్లా గుండ్రంగా కనబడుతున్నాయి.

"ఇదేం మొక్క?" అంది ఎల్స్‌పెట్.

"పేరుకేముందిలెండి. దీనికి ఆకుల్లేవు, వేళ్ళు లేవు. పువ్వు ఊసే లేదు. ఒట్టి కాడ. రెండుగా చీలి, మళ్ళీ రెండుగా చీలి, చివర చిన్న తిత్తి. జానెడు కూడా ఎదగదు."

"అన్నీ లేవంటావు. మరి ఉన్నదేమిటి?"

"నిలబడటం," అంది గ్వెన్లియన్.

నలభై కోట్ల సంవత్సరాల కిందటి మాట చెప్పింది. నేలంతా ఒట్టి రాయి. నీళ్ళలో మాత్రం అన్నీ పచ్చగా ఊగుతున్నాయి. నీళ్ళలో ఉన్నదానికి నిలబడే పని లేదు, నీళ్ళే మోస్తాయి. దాహం లేదు, ఎండ భయం లేదు. అక్కణ్ణుంచి బయటికి వచ్చినదానికి అన్నీ తనే చేసుకోవాలి. తన బరువు తనే మోయాలి. ఆరిపోకుండా ఒంటికి మైనంలాంటి చర్మం కప్పుకోవాలి. ఊపిరాడాలి గనక ఆ చర్మంలో తెరిచి మూసే చిన్న చిన్న నోళ్ళుండాలి. నీళ్ళు పైకెక్కడానికి లోపల గొట్టాలు కావాలి. ఆ కాడలో ఇవన్నీ ఉన్నాయట, గడ్డిపోచకంటే లావు లేని దాంట్లో. అప్పుడు మా పైపొలం దగ్గర వేడినీటి ఊటలు ఉండేవట. కరిగిన గాజు లాంటి ఆ నీళ్ళు మొక్కను నిలబడ్డది నిలబడ్డట్టే తడిపి రాయిగా చేశాయి. మొక్క వెనకే దాన్ని తినే పురుగులు, వాటిని తినే సాలీడు లాంటివి కూడా గట్టెక్కాయి. ఆ సాలీడు ఊపిరితిత్తులు పుస్తకంలో పేజీల్లా మడతలు మడతలుగా ఇప్పటికీ కనబడుతున్నాయట.

అంత పాత కాలంలో మనవాళ్ళెక్కడున్నారని ఎబీ అడిగాడు. చేపలుగా ఇంకా నీళ్ళలోనే ఉన్నారని గ్వెన్లియన్ చెప్పింది.

"రియాక్‌లు కొందరు ఇంకా బయటికే రాలేదు," అంది ఎల్స్‌పెట్ అద్దంలోంచి కన్ను తీయకుండా.

ఎబీకి అది వినబడలేదు, లేదా వినబడనట్టు వెన్న అడిగాడు.

కాసేపటికి ఎల్స్‌పెట్, వేరు లేనిది నేలలోంచి ఎలా తాగిందని అడిగింది. గ్వెన్లియన్ వచ్చింది ఆ ప్రశ్న కోసమేనట. కాడల లోపల సన్నని దారాలు కనబడుతున్నాయి, ఒక రకం బూజు. మొక్క చచ్చాక కుళ్ళబెట్టడానికి చేరిన బూజని కొందరంటారు. కాదు, బతికుండగానే లోపల చేరి, రాయిలోంచి సారం తీసి మొక్కకు పట్టిందని కొందరంటారు. అదే నిజమైతే నేల మీద మొదటి మొక్క ఒంటరిగా నిలబడలేదన్నమాట. బయటికి కనబడనిదొకటి లోపలినుంచి నిలబెట్టింది.

ఎల్స్‌పెట్ అద్దం బల్ల మీద పెట్టింది. ఆమె ముందున్న టీ మీద మీగడ కట్టింది.

"లోపలున్నది కుళ్ళో, ఆసరానో, విప్పితేగాని తెలియదంటావు."

"తెలియదండీ."

"విప్పాక, కుళ్ళని తేలితే?"

గ్వెన్లియన్ రాయి ముక్కను చేతిలోకి తీసుకుంది. "అప్పటికైనా అది నిలబడిన మాట అబద్ధం కాదు కదా," అంది.

మర్నాడు ఆరు గంటలకు ఎల్స్‌పెట్ పైపొలంలో ఉంది, దారాలూ మేకులూ పట్టుకుని.

గోడ విప్పడం కట్టడం కంటే నెమ్మది పని. తలరాళ్ళు అన్నిటికంటే దూరంగా ఒక వరస, ముఖపు రాళ్ళు వాటికి ఇవతల వరసలుగా, ఏ ఎత్తులోవి ఆ వరసలో. గుండెరాళ్ళు దగ్గరగా గోనెపట్టా మీద. పొలంలో గోడ వెల్లకిలా పడుకుని ఆకాశాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. గ్వెన్లియన్ ఒక్కో రాయికీ అంకె వేసుకుంటూ మోకాళ్ళ మీద పాకింది. ఎబీ ఒక బొక్కెన బోర్లించుకుని కూర్చున్నాడు.

మొదటి రోజు ఒక పక్క నుంచి రెండున్నర గజాలు విప్పింది. గుండె కనబడగానే ఎబీ లేచి వచ్చి చేతికర్ర మొన అందులో పొడిచాడు. దిగలేదు. ఇంకోచోట పొడిచాడు. అక్కడా దిగలేదు. వేళ్ళతో ఒక ముక్కను లాగబోయి బొటనవేలు కోసుకున్నాడు. వెళ్ళి బొక్కెన మీద కూర్చుని, వేలు చప్పరిస్తూ ఉండిపోయాడు. ఆయన ఏమీ అనకపోవడం మా పొలంలో అదే మొదలు.

రెండో రోజు ఆ మూడు గజాలు మొదలయ్యాయి. ఎబీని ఇంట్లోకి తీసుకెళ్ళి బార్లీ చారు పొయ్యమని ఎల్స్‌పెట్ నాతో మెల్లిగా అంది. నేను పిలిచాను. ఆకలి లేదన్నాడు. జన్మలో మొదటిసారి. ఆమె తలరాళ్ళు దించింది. ముఖపు రాళ్ళు ఒక్కొక్కటే, నిద్రపోయే పసిబిడ్డను దించినట్టు దించింది. తర్వాత ఆగిపోయింది.

గుండె పారతో పోసింది కాదు.

అన్నీ పెద్దవి, పిడికిలంతవి. చిన్న రాయి ఒక్కటి లేదు. చిన్నవాటిని పట్టుకోగల వేళ్ళు లేవు మరి. పెద్దవాటినే గుట్టలోంచి ఏరి, ఒకదాని ఒంపులో ఇంకొకటి సరిగ్గా కూర్చునేదాకా వెతికి తెచ్చి, రెండు మణికట్ల మధ్య పట్టుకుని దించాడు. ఒక్కో రాయికీ ఎంతసేపు పట్టిందో. మూడు రోజుల్లో మూడు గజాలంటే తెల్లారింది మొదలు చీకటి పడేదాకా ఆయన ఇంకేమీ చేసి ఉండడు. ఒక్క రాయి కూడా పరిచి లేదు. ప్రతి రాయీ పదును కిందికి, వెడల్పు పైకి.

ఎబీ వచ్చి మోకాళ్ళు చప్పుడు చేస్తుండగా వంగాడు. ఈసారి కర్ర తేలేదు. అరచేత్తో తడిమాడు.

"ఇది నీ చెయ్యి కాదు," అన్నాడు.

"కాదు."

"వాటీ చేతులు అప్పటికే పోయాయి కదా."

"పోయాయి."

"మరి పదును కిందికి పెట్టడం?"

"అది నాది. మీరు నవ్వారు."

"నవ్వాను." ఎబీ చాలాసేపు గోడ లోపలికి చూస్తూ ఉన్నాడు, బావిలోకి చూసినట్టు. "నలభై ఏళ్ళు గోడలు కట్టిన మనిషి. నీ దగ్గర నేర్చుకున్నాడే, పిల్లా."

ఎల్స్‌పెట్ పనిలో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు కూర్చుంది. పరిచిన రాళ్ళ మధ్య, గడ్డిలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని. పైన తీతువులు గాలిలో పల్టీలు కొడుతున్నాయి. యాభై ఒక్క ఏళ్ళ మనిషి ముఖం ఇరవై రెండేళ్ళ దగ్గరికి వెళ్ళి, అక్కడ ఏదో తీసుకుని, మెల్లిగా తిరిగొచ్చింది. ఆ మూడు రోజుల సంగతి నాకు చెప్పింది అప్పుడే. గ్వెన్లియన్‌కు ఏం జరిగిందో పూర్తిగా అర్థం కాలేదు గానీ పెన్సిల్ కింద పెట్టి, మళ్ళీ ఎత్తమనేదాకా ఎత్తలేదు.

గ్వెన్లియన్‌కు అన్నిటికంటే నచ్చిన రాయి ఆ మూడు గజాల్లోదే. రొట్టెముద్దంత ఉంటుంది. విరిగిన అంచున కాడలు చేలో బార్లీ మొలకల్లా దగ్గర దగ్గరగా నిలబడి ఉన్నాయి. ఎల్స్‌పెట్ దాన్ని ఎత్తి, బరువు చూసి, సుద్దముక్క తీసి పదును వైపుకు బాణం గీసింది. పక్కన "కింద" అని రాసింది. నాగలి ఎన్నిసార్లు తిరగేసిందో తెలియని రాయి గనక ఏది కిందో తన చదువుకు అవసరం లేదని గ్వెన్లియన్ మర్యాదగా చెప్పింది.

"నీకు కాకపోతే నాకు," అంది ఎల్స్‌పెట్. "తీసుకెళ్ళు. ఆయన ఎలా పెట్టాడో చూశాను, చాలు."

తిరిగి కట్టడానికి పది రోజులు పట్టింది. ముఖం ఎల్స్‌పెట్ కట్టింది. గుండె పేర్చడానికి గ్వెన్లియన్‌ను కూర్చోబెట్టింది. రాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళే ఆ ఖాళీ నింపాలంది. ఆ పిల్ల వేళ్ళకు గుడ్డపీలికలు కట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, ఒక్కో ముక్కా పదును కిందికి దించింది. పదో రోజు సాయంత్రం, తలరాళ్ళు పెట్టేముందు, ఎల్స్‌పెట్ లోపలికి చెయ్యి పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమింది.

"పర్వాలేదు," అంది.

గ్వెన్లియన్ ముఖం వాడిపోయింది. వంటింట్లో నీళ్ళు కాచి ఆమె చేతులు కడుగుతూ నేను ఆ మాట ధర ఎంతో చెప్పాను. ఎల్స్‌పెట్ నోట అది ఇంతవరకు ఎవరూ వినలేదనీ చెప్పాను. ఆ పిల్ల కాసేపు నీళ్ళలో తన చేతుల్ని చూసుకుంటూ ఉండి, ఇంకో కప్పు టీ అడిగింది.

రెండేళ్ళకు ఒక పెద్ద కవరు వచ్చింది. లోపల అచ్చు కాగితాలు, ఒక ఫోటో. కాడను అడ్డంగా కోసి వందల రెట్లు పెద్దది చేసిన ఫోటో. గుండ్రటి గదుల గోడలు చెక్కుచెదరకుండా ఉన్నాయి, వాటి మధ్య నుంచి బూజు దారాలు పేర్చినట్టు సాగుతున్నాయి. బతికున్న మొక్కలోకే ఇవి వచ్చాయని తన నమ్మకమనీ, అందరూ ఒప్పుకోలేదనీ, వాదన ఇంకా నడుస్తోందనీ గ్వెన్లియన్ ఉత్తరం రాసింది. ఎల్స్‌పెట్ ఫోటోను కిటికీ వెలుగులో పెట్టి చాలాసేపు చూసింది. పేర్చిన పనికీ పోసిన పనికీ తేడా తెలియనివాళ్ళు వాదించుకుంటారులే, అంది.

చివరి పేజీలో, రాళ్ళు ఎక్కడివో చెప్పేచోట, ఒక వాక్యం ఉంది. రైనీ దగ్గర విండీఫాల్డ్ పొలంలో ఎల్స్‌పెట్ గ్రాసిక్ కట్టిన గోడలోంచి తీసుకున్నాం, ఆమెకు కృతజ్ఞతలు అని. అచ్చులో ఆమె పేరు రావడం అదే మొదటిసారి. మా ఆయన పైకి చదివాడు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఆ వాక్యాన్ని తనకు తాను రెండుసార్లు చదువుకుంది. తర్వాత పెన్సిల్ అడిగింది.

వాక్యం కింద, ఖాళీలో, వంకర లేని అక్షరాలతో ఒక లైను రాసి, కాగితాలు మళ్ళీ కవర్లో పెట్టి, వచ్చినచోటికే పంపించమంది. తప్పు దిద్దుకుంటారు కదా, అంది. మా ఆయన పోస్టుకు తీసుకెళ్ళేముందు నేను కవరు తెరిచి చూశాను.

"అందులో మూడు గజాలు వాటీ గ్రాసిక్‌వి."